వ్రణచికిత్సా చరిత్రలో యల్లాప్రగడ సుబ్బారావు

శల్యతంత్రాన్ని ఉపదేశించిన సుశ్రుతుడు చికిత్సాకర్మను మూడు భాగాలుగా విభజించాడు. శస్త్రప్రయోగానికి ముందు రోగిని, పరికరాలను సిద్ధపరచడం పూర్వకర్మ. శస్త్రప్రయోగం ప్రధానకర్మ. అటుపిమ్మట వ్రణాన్ని కాపాడి, దానిని మాన్పి, రోగికి బలం చేకూర్చడం పశ్చాత్కర్మ. లోకం శస్త్రవైద్యుని హస్తలాఘవాన్ని చూసి ఆశ్చర్యపడుతుంది. కాని రోగి బ్రతుకుతాడా లేదా అన్నది చాలాసార్లు పశ్చాత్కర్మలోనే తేలుతుంది. సుశ్రుతుడు ప్రధానకర్మకు ఎనిమిది విధాల శస్త్రకర్మలను చెప్పి, వ్రణాన్ని మాన్పడానికి అరవై ఉపక్రమాలను చెప్పడంలోని ఔచిత్యం ఇదే.

ఎముకల విరుపుల విషయంలోనూ ఆ మహర్షి దృష్టి ఫలితం మీదనే నిలిచింది. కాండభగ్నాలు పన్నెండు, సంధిముక్తాలు ఆరు అని ఆయన లెక్కించాడు. తొడ ఎముక, పిక్క ఎముక విరిగినవారిని పలకపై పరుండబెట్టి, ఐదుచోట్ల కీలాలు నాటి కదలకుండా నిలిపే కపాటశయనాన్ని విధించాడు. కటిప్రదేశంలోని కపాలాస్థి పగిలినా, జఘనభాగం నలిగినా ఆ రోగి అసాధ్యుడని నిస్సంకోచంగా తేల్చాడు. వ్రణంతో కూడిన భగ్నానికి వేరుగా చికిత్స చెప్పాడు. విరిగిన ఎముక చర్మాన్ని చీల్చుకొని బయటి గాలికి, మంటికి తగిలిందంటే ప్రమాదం మరొక మెట్టు పైకెక్కినట్లే.

ఈ సాధ్యాసాధ్యాల సరిహద్దును ఇరవయ్యవ శతాబ్దంలో జరిపినవారిలో ఒక తెలుగువాడు ఉన్నాడు. ఆయన శస్త్రవైద్యుడు కాదు. శస్త్రవిద్యా గురువు అప్రసన్నత వల్ల పూర్తి వైద్యపట్టాకు దూరమైన విద్యార్థి. ఆయనే యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు 1895 జనవరి 12న నేటి పశ్చిమ గోదావరి జిల్లాలోని భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. తండ్రి రెవెన్యూ శాఖలో చిరుద్యోగి. ఏడుగురు సంతానం గల ఆ ఇంట కలిమి తక్కువ. బాల్యంలో సుబ్బారావుకు చదువుపై శ్రద్ధ తక్కువనీ, పదమూడేళ్ల ప్రాయంలో కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనం సంపాదించాలని ఇల్లు విడిచాడనీ, తల్లి వెదకి తెప్పించిందనీ ఆయన జీవితకారులు చెబుతారు. రాజమహేంద్రవరంలో కొంత చదువు సాగింది. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుమార్లు తప్పి, మూడవమారు మద్రాసు హిందూ ఉన్నత పాఠశాల నుండి ఉత్తీర్ణుడయ్యారు. తండ్రి మరణానంతరం కుటుంబభారం తల్లిపై పడింది. కుమారుడు చదువు మానరాదన్నది ఆమె పట్టుదల.

మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదివే రోజులలో సుబ్బారావుకు రామకృష్ణ మఠంతో సాన్నిహిత్యం ఏర్పడింది. సన్యసించాలన్న కోరిక బలపడింది. తల్లి అనుమతించలేదు. సేవాభిలాషకు వైద్యవిద్య మార్గం కాగలదన్న ఆలోచనతో ఆయన మద్రాసు వైద్యకళాశాలలో చేరారు. 1919లో శేషగిరితో వివాహం జరిగింది. మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తి అల్లుని చదువుకు అండగా నిలిచారు.

అవి గాంధీజీ విదేశీ వస్తుబహిష్కారానికి పిలుపునిచ్చిన దినాలు. సుబ్బారావు ఖద్దరు ధరించి శస్త్రచికిత్సా తరగతికి హాజరయ్యేవారు. శస్త్రవిద్యాచార్యుడైన బ్రాడ్‌ఫీల్డ్‌కు అది రుచించలేదు. వ్రాతపరీక్షలలో సుబ్బారావు చక్కగా రాణించినప్పటికీ ఆయనకు దక్కింది ఎం.బి.బి.ఎస్. పట్టా కాదు, దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. యోగ్యతాపత్రం మాత్రమే. మద్రాసు వైద్యసేవలో ప్రవేశించాలన్న ప్రయత్నం కూడా ఫలించలేదు. శస్త్రశాల ద్వారం ఆయనకు ఆ విధంగా మూతపడింది.

తెరచుకొన్న ద్వారం ఆయుర్వేదానిది. మద్రాసులో డాక్టర్ ఆచంట లక్ష్మీపతి నిర్వహించిన ఆయుర్వేద కళాశాలలో సుబ్బారావు శరీరశాస్త్రోపన్యాసకులుగా చేరారు. లక్ష్మీపతి ఆయనకు అప్పటికే ప్రాణదాత వంటివారు. సుబ్బారావు సోదరులిద్దరు స్వల్పవ్యవధిలో రోగగ్రస్తులై మరణించారు. ఆయనను సైతం స్ప్రూ అనే దీర్ఘకాలిక గ్రహణీవ్యాధి పీడించింది. దానిని శమింపజేసినది లక్ష్మీపతి ఇచ్చిన ఆయుర్వేదౌషధమే. ఫలితం కంటికి కనబడుతున్నది. కారణం మాత్రం ఆధునిక రసాయనశాస్త్రపు భాషలో చెప్పగలవారు లేరు. ఔషధం ఎందుకు పనిచేస్తుందన్న ప్రశ్న ఆయనను ఆనాటినుండి విడువలేదు. ఆయుర్వేద కళాశాలలో గడచిన ఆ స్వల్పకాలాన్ని ఆయన జీవితచరిత్రలో ఒక విరామంగా గాక, తరువాతి పరిశోధనకంతటికీ బీజావాపంగా గ్రహించడం సముచితం.

కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ వాగ్దానం చేసిన సహాయం, మామగారు కూర్చిన ద్రవ్యం ఆధారంగా సుబ్బారావు 1922లో అమెరికాకు ప్రయాణమయ్యారు. ఆ సంవత్సరం అక్టోబరులో బోస్టన్ నగరం చేరి, హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఉష్ణమండల వైద్యవిద్యాలయంలో ప్రవేశించారు. చేతిలో ధనం లేదు. పీటర్ బెంట్ బ్రిగ్‌హామ్ ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్ర పాత్రలను శుభ్రపరిచే పనిచేసి పొట్టపోసుకొన్నారు. వైద్యపట్టభద్రుడైన బ్రాహ్మణ యువకుడు ఆ పనిని చిన్నతనంగా తలచలేదు. ఉష్ణమండల వైద్యంలో డిప్లొమా పొందిన పిమ్మట హార్వర్డ్ జీవరసాయనశాస్త్ర విభాగంలో సైరస్ ఫిస్కె వద్ద పరిశోధకులుగా చేరారు.

1925లో ఫిస్కె, సుబ్బారావులు రక్తంలోను, మూత్రంలోను భాస్వరపు పాళ్లను కొలిచే వర్ణమాపన పద్ధతిని ప్రకటించారు. జీవరసాయనశాస్త్రంలో మిక్కిలిగా వాడుకకు వచ్చిన పద్ధతులలో అది ఒకటి. దాని సహాయంతోనే 1927లో కండరాలలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో జీవకణాలకు శక్తినిచ్చే ఎ.టి.పి.ని వారు గుర్తించారు. ఎ.టి.పి.ని అదే 1929లో జర్మనీలో కార్ల్ లోమన్ స్వతంత్రంగా కనుగొన్నారు. 1930లో హార్వర్డ్ సుబ్బారావుకు పిహెచ్.డి. పట్టం ఇచ్చింది. స్థిరోద్యోగం మాత్రం ఇవ్వలేదు.

అదే బోస్టన్ నగరంలో అదే 1925లో శస్త్రచికిత్సా రంగంలో మరొక మార్పు మొదలైంది. మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రికి చెందిన స్మిత్-పీటర్సన్ తుంటివద్ద తొడ ఎముక మెడ విరిగినవారికి మూడురెక్కల లోహపు మేకును దిగగొట్టి విరుపును బిగించే పద్ధతిని ఆరంభించారు. దాని ఫలితాలు 1931లో ప్రకటితమయ్యాయి. అంతకుముందు తుంటి విరిగిన వృద్ధులను నెలల తరబడి పిండికట్టులో మంచానికి అంటించి ఉంచేవారు. అనేకులు ఎముక అతుక్కొనేలోగానే శయ్యావ్రణాలతోను, న్యుమోనియాతోను మరణించేవారు. మేకు వారిని మంచం నుండి లేపింది. అయితే శరీరంలో నిలిచే లోహం వెంట మరొక భయం వచ్చింది. గాయంలో చీము పుట్టి అది ఎముకకు దిగితే, మేకు తీసివేయక తప్పదు. కాలో, ప్రాణమో పోయే అవకాశం కూడా ఉంటుంది. ప్రధానకర్మ ముందడుగు వేసిన కొలదీ పశ్చాత్కర్మ భారం పెరిగింది.

ఈ భయం పూర్వకాలపుదే. 1865లో గ్లాస్గోలో జోసెఫ్ లిస్టర్ కార్బాలికామ్లాన్ని మొదట ప్రయోగించినది కూడా బండిచక్రం క్రిందపడి కాలు విరిగిన ఒక బాలుని సవ్రణభగ్నం మీదనే. అంతవరకు అటువంటి గాయాలకు కాలు తీసివేయడమే తరచు గతి. లిస్టర్ పద్ధతి గాయంపై ఉన్న సూక్ష్మజీవులను చంపగలిగింది. రక్తంలోనికి, ఎముకలోనికి ప్రవేశించినవాటిని చంపలేకపోయింది. 1940ల దశకంలో పెన్సిలిన్ ఆ లోటును కొంత తీర్చింది. చీము పుట్టించే అనేక సూక్ష్మజీవులను అది అణచింది. పేగులలో నివసించి, పొట్టకు సంబంధించిన శస్త్రచికిత్సలలోను, మలినమైన గాయాలలోను విజృంభించే గ్రామ్-నెగటివ్ జాతులలో అనేకం దానికి లొంగలేదు. 1943లో బయటపడిన స్ట్రెప్టోమైసిన్ వాటిలో కొన్నింటిని అణచగలిగింది గాని సూదిమందుగా ఇవ్వవలసివచ్చేది; చెవిని దెబ్బతీసేది; సూక్ష్మజీవులు దానికి త్వరగా అలవాటుపడేవి. నోటిద్వారా ఇవ్వదగి, ఉభయజాతులపై పనిచేసే ఔషధం కావలసివచ్చింది.

1940లో సుబ్బారావు హార్వర్డ్‌ను విడిచి న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్ వద్దగల లెడర్లీ ప్రయోగశాలలలో చేరారు. స్వల్పకాలంలోనే అక్కడి పరిశోధనా విభాగానికి నిర్దేశకులయ్యారు. ఆయన ఆధ్వర్యంలోని బృందం 1945లో ఫోలికామ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. మద్రాసులో తనను పీడించిన స్ప్రూ వ్యాధికి ఉపకరించే ఔషధం ఆ విధంగా ఆయన ప్రయోగశాల నుండే వెలువడింది. ఫోలికామ్లానికి ప్రతిద్వంద్విగా రూపొందించిన అమినోప్టెరిన్‌ను సిడ్నీ ఫార్బర్ బోస్టన్‌లో రక్తకేన్సరు సోకిన పిల్లలకు ఇచ్చి, 1948లో తాత్కాలికోపశమనాన్ని ప్రకటించారు. బోదకాలు నివారణకు నేటికీ వాడుతున్న డైఇథైల్ కార్బమజీన్, హెట్రజాన్ అనే పేరుతో 1947లో ఆ ప్రయోగశాల నుండే వెలువడింది.

వ్రణచికిత్సకు సంబంధించిన అన్వేషణ మంటినుండి మొదలైంది. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం నుండి పదవీవిరమణ చేసిన వృక్షశాస్త్రాచార్యుడు బెంజమిన్ డగ్గర్‌ను సుబ్బారావు 1944లో తన సంస్థకు రప్పించారు. డగ్గర్ వయస్సు అప్పటికే డెబ్బది దాటింది. వయస్సును చూడక విద్యను చూడడం సుబ్బారావు స్వభావం. డగ్గర్ నానాప్రదేశాల నుండి మట్టినమూనాలు తెప్పించి, వాటిలోని సూక్ష్మజీవులను ఒక్కొక్కటిగా వేరుచేసి పరీక్షించారు. మిస్సోరి విశ్వవిద్యాలయపు శాన్‌బోర్న్ క్షేత్రంలో గడ్డి పెరిగే ఒక మడి నుండి వచ్చిన మట్టిలో బంగారువన్నె గల సూక్ష్మజీవి కానవచ్చింది. దానికి స్ట్రెప్టోమైసిస్ ఆరియోఫేసియన్స్ అని పేరుపెట్టారు. అది స్రవించే పదార్థమే ఆరియోమైసిన్. టెట్రాసైక్లిన్ వర్గంలో అది మొదటిది. సూక్ష్మజీవి తన దేహానికి కావలసిన ప్రోటీనులను కూర్చుకొనే యంత్రాంగాన్ని అది అడ్డగిస్తుంది. సూక్ష్మజీవి వృద్ధి ఆగిపోగా, శరీరపు సహజరక్షణశక్తి దానిని తుడిచివేస్తుంది. మంటి స్పర్శచేత గాయం చెడుతుందని తరతరాలుగా ఎరిగిన మానవునికి, చెడిన గాయాన్ని మాన్పే ద్రవ్యమూ మంటిలోనే లభించింది.

మనుష్యులపై ఈ ఔషధాన్ని మొదట పరీక్షించినది న్యూయార్క్ నగరంలోని హార్లెమ్ ఆసుపత్రికి చెందిన లూయీ రైట్ బృందం. రైట్ నల్లజాతికి చెందిన శస్త్రవైద్యుడు. కపాలభగ్నాల చికిత్సపై ప్రామాణికమైన అధ్యాయం రచించినవాడు. మోకాలికి సమీపంలో ఎముక విరిగినప్పుడు బిగించే లోహపు పలకను రూపొందించినవాడు. విరిగిన ఎముకలను, చెడిన గాయాలను నిత్యం చూచే హస్తాలలోనికి ఔషధం చేరింది. మేహసంబంధమైన ఒక మొండి వ్యాధిలో దాని గుణం ముందుగా రుజువైంది. తరువాత శస్త్రసంబంధమైన పలు అంటువ్యాధులలోను రైట్ బృందం దానిని పరిశీలించి వరుసగా వ్యాసాలు ప్రకటించింది. వలసపాలనలో ఖద్దరు తొడిగి నష్టపోయిన వైద్యుని ప్రయోగశాలకు, వర్ణవివక్షను ఎదిరించి నిలిచిన శస్త్రవైద్యుని ఆసుపత్రికి ఈ ఔషధం వంతెన అయింది.

1948 జూలైలో న్యూయార్క్ విజ్ఞాన పరిషత్తు సభలో ఆరియోమైసిన్ వృత్తాంతం ప్రకటితమైంది. డగ్గర్ పేరు లోకానికి తెలిసింది. సుబ్బారావు తన సహచరుల పేర్లను ముందునిలిపి తాను వెనుక నిలవడం అలవాటైనవారు. ఆగస్టు నెలలో, 53 ఏండ్ల వయస్సులో, ఆయన నిద్రలోనే గుండె ఆగి మరణించారు. అమెరికాకు పయనమైన తరువాత ఆయన మరల స్వదేశాన్ని చూడలేదు. భార్య శేషగిరి ఎదురుచూపు ముగియలేదు. లోకానికి చేసిన ఉపకారాన్ని కొనియాడేవారు ఆ ఇల్లాలు చెల్లించిన మూల్యాన్ని కూడా గణించడం న్యాయం.

ఆ 1948 నాటి పరిస్థితిని తెలుగునేల వైపు నుండి చూస్తే మరొక సత్యం స్ఫురిస్తుంది. నాడు నైజాం సంస్థానపు నల్లగొండ జిల్లాలోని హుజూర్‌నగర్ తాలూకా సాయుధపోరాట క్షేత్రం. తుపాకిగుండ్లకు, దుడ్డుకర్రలకు ఎముకలు విరిగి, గాయాలు చెడినవారు ఆ పల్లెలలో ఎందరో. భీమవరంలో పుట్టినవాడు కనుగొన్న ఔషధం ఆ సంవత్సరాంతానికి గాని అమెరికా విపణిలోకైనా రాలేదు. హుజూర్‌నగర్ పల్లెలకు అది అప్పటికి అందని వస్తువు. ఔషధాన్ని కనుగొనడం ఒక కార్యం, దానిని గాయం వద్దకు చేర్చడం మరొక కార్యం.

కాలక్రమాన ఆ దూరం తగ్గింది. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదలిన తరువాత హుజూర్‌నగర్ ప్రాంతం మాగాణిగా మారింది. బురదపొలంలో కొడవలి తెగినా, ట్రాక్టరు క్రింద కాలు నలిగినా ఆ గాయంలో చేరేది పొలపు మన్నే. టెట్రాసైక్లిన్ గొట్టాలు ప్రాథమిక ఆరోగ్యకేంద్రాలకు, పల్లె మందుల దుకాణాలకు చేరాయి. 2016లో హుజూర్‌నగర్ కొత్తగా ఏర్పడిన సూర్యాపేట జిల్లాలో చేరింది. వాకిట జారిపడి తుంటి విరిగిన వృద్ధురాలిని ఆసుపత్రికి తరలించి లోహపు మేకుతోనో, కృత్రిమ కీలుతోనో మరల నడిపించడం నేడు ఆశ్చర్యకరం కాదు. సుశ్రుతుడు అసాధ్యమని విడిచిన కటిభగ్నాలలోను కొన్ని సాధ్యాలయ్యాయి.

ఐతే సుబ్బారావు ప్రయోగశాల అందించిన ఆయుధానికి హద్దులున్నాయి. కాలిన గాయాలలోను, దీర్ఘవ్రణాలలోను తరచు కనిపించే సూడోమోనాస్ జాతి దానికి లొంగదు. ఎముకలోని సున్నంతో కలిసి నిలిచే గుణం ఉన్నందున పసిపిల్లలకు, గర్భిణులకు దానిని ఇవ్వరు. ఆ గుణాన్నే ఆధారం చేసుకొని, అతినీలలోహిత కాంతిలో బంగారుగీతల వలె మెరిసే జాడలను బట్టి ఎముక ఎంత కొత్తగా పెరిగినదో కొలిచే పద్ధతిని పరిశోధకులు రూపొందించారు. తుంటి శస్త్రచికిత్సకు ముందు రక్షణగా నేడు ఇచ్చేది సాధారణంగా సెఫలోస్పోరిన్ వర్గపు మందు. అంతకంటె గంభీరమైనది మరొకటి. 1950ల దశకంలోనే జపాన్‌లో రక్తవిరేచన సూక్ష్మజీవులు టెట్రాసైక్లిన్‌తో సహా పలు మందులకు లొంగకపోవడం కనిపించింది. కోళ్లు, పశువులు త్వరగా పెరగడానికై మేతలో ఆరియోమైసిన్ కలపడం లెడర్లీ పరిశోధకులు చూపిన ఫలితాల వల్లనే వ్యాపించింది. అటువంటి వాడుకను ఐరోపా సమాఖ్య 2006లో పూర్తిగా నిలిపివేసింది. అవసరం లేనిచోట వాడిన ఔషధం అవసరమైన చోట నిర్వీర్యమవుతుంది. తుంటిలో నిలిపిన కృత్రిమ కీలు చుట్టూ మందుకు లొంగని చీము చేరితే, శస్త్రవైద్యుడు తిరిగి లిస్టర్‌కు పూర్వపు కాలంలో నిలబడవలసివస్తుంది.

1953లో ఒక శిలీంధ్రజాతికి సుబ్బారోమైసిస్ అని పేరుపెట్టి శాస్త్రజ్ఞులు ఆయనను స్మరించారు. శతజయంతి సందర్భంలో 1995లో భారత తపాలాశాఖ ఆయన చిత్రంతో తపాలాబిళ్లను వెలువరించింది. ఫోలికామ్లం, ఎ.టి.పి., హెట్రజాన్ అన్న వరుసలో ఆరియోమైసిన్‌ను ఒక పేరుగా మాత్రమే పేర్కొని విడవడం పరిపాటి అయింది. ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం బోధించిన ఈ మనీషి సేవను శల్యతంత్రపు త్రివిధకర్మ విభాగంలో నిలిపి చూచినప్పుడు దాని స్థానం స్పష్టమవుతుంది. శస్త్రం పట్టే అర్హత నిండుగా దక్కని ఆయన, శస్త్రం దిగిన తరువాతి దినాలను సురక్షితం చేశాడు. ప్రధానకర్మ ఘనతను హరించక, దానిని సఫలం చేసే పశ్చాత్కర్మను బలపరచాడు. ఆ బలం క్షీణించకుండా మందును మితంగా, యుక్తంగా వాడడం ఆయన పిమ్మటి తరాలవారి కర్తవ్యం.